సాన పట్టినదెవరు?

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే వాషింగ్టన్ తీసుకెళ్లి చూపించడం మేరీలాండ్‌లో కాపురముంటున్న తెలుగువాడికి తప్పని విధి. వైట్‌హౌస్ గేటు బయట ఒక ఫోటో, లింకన్ మెట్ల మీద ఒక ఫోటో. ఆ తర్వాత పెద్దవాళ్లు కాళ్లు పీకుతున్నాయనేసరికి చల్లగా ఏసీ ఉన్న స్మిత్సోనియన్ మ్యూజియం. అక్కడ గాజు పెట్టెలో నెమ్మదిగా తిరుగుతూ హోప్ వజ్రం. మనవాళ్లు దాని ముందు నిలబడి "ఇది మన గుంటూరు జిల్లాదేనట" అని పక్కవాళ్లకి వినపడేలా అనుకోవడం, మనం గర్వంగా తలూపడం కూడా ఆ విధిలో భాగమే.

2010 వేసవిలో మా అమ్మతో వెళ్లినప్పుడు అక్కడ ఒకటి కాదు, రెండు నీలి వజ్రాలున్నాయి. హోప్ వజ్రాన్ని హారంలోంచి తీసి ఒట్టి రాయిగా చూపిస్తున్నారు. విటెల్స్‌బాక్ అనే మరో నీలి రాయిని కొన్ని నెలలపాటు ప్రదర్శనకి తెచ్చిపెట్టారు. మా అమ్మది సత్తెనపల్లి దగ్గరి ఊరు. కొల్లూరు వాళ్లకి మరీ దూరం కాదు. అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. పక్కనున్న పలకల మీద ఏముందో చదివి చెప్పమంది. ఫ్రాన్సు రాజుకి అమ్మిన టావెర్నియే, కొన్న పద్నాలుగో లూయీ, పేరు తగిలించిన హోప్, 1958లో మ్యూజియానికి ఇచ్చిన హారీ విన్‌స్టన్, అన్నీ చదివి చెప్పాను. అంతా విని, "ఎవరు కొన్నారో రాశారు, ఎవరు పోగొట్టుకున్నారో రాశారు. మొదట సాన పట్టినవాడి పేరు ఏదిరా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక వెతికాను, దొరకలేదు. ఈ వ్యాసం ఆ వెతుకులాటలో పుట్టిందే. నేను రత్నాల వర్తకుణ్ణి కాను, పొట్టకూటికి కంప్యూటర్ల పని చేసుకునేవాణ్ణి. కాకపోతే కథని, పద్యాన్ని నలుగురం కూర్చుని విమర్శించుకున్నట్టే, రాయి మీద జరిగిన పనిని కూడా ఒక రచనగా చూసి విమర్శించవచ్చని నా నమ్మకం. మన పాతవాళ్లు ఆ పనికి పెట్టిన పేరు రత్నపరీక్ష. విమర్శకి అంతకంటే మంచి మాట నాకు కనపడలేదు.

ఆ రత్నపరీక్ష గ్రంథాల్లో మంచి వజ్రానికి చెప్పిన లక్షణం చూడండి: ఆరు కోణాలు, ఎనిమిది ముఖాలు, పన్నెండు ధారలు. కాగితం మీద గీసుకుంటే రెండు పిరమిడ్లు అడుగులు కలుపుకుని నిలబడ్డ ఆకారం వస్తుంది. అది మనిషి చెక్కింది కాదు, వజ్రం భూగర్భంలో తనంతట తాను పెరిగే ఆకారం. అంటే మనవాళ్ల దృష్టిలో ఉత్తమమైన వజ్రం అప్పటికే పూర్తయి వచ్చిన వజ్రం. అలాంటి రాయి ముందు కూర్చున్న పనివాడి మొదటి ప్రశ్న "దీన్ని ఏం చెయ్యాలి?" అని కాదు, "ఎంత తక్కువ చెయ్యాలి?" అని. దీనికి తోడు ఆ సహజమైన ఎనిమిది ముఖాల మీద సాన దాదాపు పనిచెయ్యదు. వజ్రం గట్టిదనం అన్ని వైపులా ఒకేలా ఉండదు. రాయిని కొద్దిగా పక్కకి వంచి, అది అరిగే దిక్కు పట్టుకుంటేనే మెరుగు ఎక్కుతుంది. ఆ దిక్కుని కనుక్కోవడమే సగం విద్య.

ఈ పని చేసే తీరుని కళ్లారా చూసి రాసినవాడు టావెర్నియే. ఫ్రెంచి వర్తకుడు, 1630కీ 1668కీ మధ్య ఆరుసార్లు తూర్పుదేశాలకి ప్రయాణాలు చేశాడు. 1676లో ఆ పుస్తకం అచ్చయింది. గోల్కొండ నుంచి ఏడు రోజుల ప్రయాణంలో ఉన్న కొల్లూరులో ఆడా మగా పిల్లా జెల్లా కలిసి అరవైవేలమంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ చోటుని దేశభాషలో "గని" అంటారనీ, పారసీకంలో "కొల్లూరు" అంటారనీ కూడా రాశాడు. మనవాళ్లు "గని" అంటే అదే ఊరి పేరనుకున్నాడు కాబోలు! మూడున్నర శతాబ్దాల కిందటి ఒక ఫ్రెంచి పుస్తకంలో మన మాట అలా నిలబడిపోయింది.

సాన పట్టేవాళ్లని అతను చూసింది మాత్రం రావుల్కొండ అని రాసిన మరో గని దగ్గర. ఒక్కొక్కడి ముందు పళ్లెమంత ఉక్కు చక్రం. ఒక్కసారికి ఒక్క రాయి. అరిగే దిక్కు దొరికేదాకా నీళ్లు పోస్తూ వెతకడం, దొరికాక నూనె, ఆ నూనెలో వజ్రపు పొడి. పొడి ఎంత ఖరీదైనా వెనకాడరని ఆశ్చర్యపోయాడు. రాయి మీద మోపే బరువు ఐరోపా వాళ్లు మోపేదానికన్నా ఎక్కువని గమనించాడు. అసలు సంగతి ఆ తర్వాత చెప్పాడు. రాయి స్వచ్ఛంగా ఉంటే ఊరికే చక్రం మీద తిప్పి వదిలేస్తారు, బరువు తగ్గుతుందని ఆకారం జోలికి పోరు. మచ్చో, పగులో, నల్లటి నలకో ఉంటే మాత్రం ఒళ్లంతా చిన్న చిన్న పలకలు తీర్చి ఆ లోపం కంటికి ఆనకుండా చేస్తారు.

ఈ మాటలు చదివాక నా తల తిరిగిపోయింది. మనం ఈ రోజున పలకలు ఎన్ని ఎక్కువుంటే అంత గొప్ప పని అనుకుంటాం. ఆ పనివాళ్లకి అది తిరగేసి ఉంది. ఎక్కువ పలకలున్న రాయిని చూస్తే తెలిసినవాడు "లోపల ఏదో దాస్తోంది" అనుకుంటాడు. మన సాహిత్యసభల్లో అలంకారాలు మరీ దట్టించిన ఉపన్యాసం విన్నప్పుడు వెనక బెంచీవాళ్లకి వచ్చే అనుమానం లాంటిదే ఇదీ.

ఇక్కడ మన డప్పు మనమే కొట్టుకోకుండా ఒక మాట చెప్పాలి. భారతీయులు ఐరోపావాళ్లంత జీవంగల మెరుగు తీసుకురాలేరని టావెర్నియేనే రాశాడు. వాళ్ల చక్రం అంత నున్నగా తిరగకపోవడమే కారణమనుకున్నాడు. ఈ మాటని పరాయివాడి చిన్నచూపు అని కొట్టిపారెయ్యడం సులువు. కానీ అదే మనిషి మన పనివాళ్ల ఓపికనీ, రాతి మీది పట్టునీ మెచ్చుకున్నాడు, కాబట్టి ఈ మాటా నిజమే అయుండాలి. యంత్రం విషయంలో మనవాళ్లు వెనకబడ్డారు. రాయిని చదవడంలో కాదు.

పనివాడు విదేశీయుడైతే రాయి పాడవుతుందనీ, మనవాడైతే బాగుంటుందనీ కూడా కాదు. 1665లో ఔరంగజేబు కొలువులో టావెర్నియేకి ఒక పెద్ద వజ్రం చేతికిచ్చి చూపించారు. కోడిగుడ్డుని అడ్డంగా సగానికి కోసినట్టుందన్నాడు. దాన్ని అరగదీసినవాడు హొర్టెన్సియో బోర్జియో అనే వెనిస్ దేశస్థుడు. పని చూసి ప్రభువుకి ఒళ్లు మండిపోయింది. కూలి ఇవ్వకపోగా పదివేల రూపాయలు జరిమానా వేశారు. ఇంకా ఉంటే ఇంకా గుంజేవాళ్లేనట! మాస్కోలో క్రెమ్లిన్ భాండాగారంలో ఉన్న 189 క్యారెట్ల పైచిలుకు ఓర్లోవ్ వజ్రం ఇదేనని చాలామంది నిపుణుల అభిప్రాయం. దాని బొమ్మ ఎప్పుడైనా చూడండి. చిన్న గోపురంలా ఉబ్బెత్తుగా, వరసలు వరసలుగా పలకలతో ఉంటుంది. ఐరోపా కోతకి దొరక్కుండా తప్పించుకున్న పెద్ద రాళ్లలో అదొకటి.

తప్పించుకోలేనిది కోహినూర్. మన తెలుగు సభల్లో కోహినూర్ పేరెత్తని వక్త అరుదు. అది కొల్లూరు గనిదే అనడానికి రాతపూర్వకమైన ఆధారం లేదని డాల్రింపుల్, అనితా ఆనంద్ కలిసి రాసిన పుస్తకం వచ్చాక మనం ఒప్పుకోక తప్పదు. ఆ మాట పక్కన పెట్టి పని సంగతి చూద్దాం.

1849లో పదేళ్ల దులీప్‌సింగ్ చేత సంతకం పెట్టించుకున్న లాహోర్ ఒప్పందంతో ఆ రాయి విక్టోరియా రాణికి చేరింది. 1851లో హైడ్ పార్క్‌లో కట్టిన గాజు భవనంలో ప్రదర్శనకి పెట్టారు. జనం తోసుకుంటూ వచ్చి చూసి పెదవి విరిచారు. ఇదా, ఇంతేనా అన్నారు. నిర్వాహకులు కంగారుపడి చుట్టూ చీకటి చేసి గ్యాస్ దీపాలు పెట్టారు. అయినా జనానికి తృప్తి కలగలేదు.

ఈ వైఫల్యం ఎవరిది? ఇక్కడే విమర్శకుడి అవసరం. ఆ రాయి అంతకుముందు ఎక్కడుండేది? రంజిత్‌సింగ్ దండకి కట్టుకునే బాజుబందులో. చెయ్యి కదిలితే అదీ కదిలేది. దాని మీద పడింది దర్బారులోకి ఏటవాలుగా వచ్చే పంజాబు ఎండ, రాత్రిపూట దివిటీల, దీపాల వెలుగు. దాని పలకలు పెద్దవి, సమంగా లేనివి. వజ్రంలోకి వెళ్లిన వెలుతురు వెనక్కి తిరిగి రావాలంటే వెనకవైపు పలకలు తగిన కోణంలో ఉండాలి, లేకపోతే కారిపోతుంది. 1919లో మార్సెల్ టొల్కోవ్‌స్కీ ఈ లెక్కలన్నీ కట్టి పుస్తకం వేశాడు. భారతీయ కోతలో అలా కారిపోయే వెలుతురు చాలానే ఉంది, నిజం. కానీ ఆ రాయి పని మిణుకుమిణుకుమనడం కాదు. మనిషి కదలికతోపాటు ఒక్కొక్క పెద్ద పలకా నెమ్మదిగా వెలిగి ఆరడం. దాన్ని తీసుకొచ్చి పంజరంలో, మఖమలు మీద కదలకుండా పడుకోబెట్టి, నాలుగు వైపుల నుంచీ ఒకేలా పరుచుకునే లండన్ పగటి వెలుగులో చూసి "నిర్జీవం" అన్నారు. తంబూరాని తీసుకొచ్చి బ్యాండుమేళం పక్కన పెట్టి వినపడలేదన్నట్టుంది.

తీర్పు వచ్చేసింది కనక శిక్ష అమలు చేశారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కోస్టర్ సంస్థ నుంచి ఇద్దరు పనివాళ్లని రప్పించారు. ఆవిరియంత్రంతో తిరిగే సాన ఏర్పాటు చేశారు. 1852 జూలై 16న ముసలి వెల్లింగ్టన్ డ్యూక్ వచ్చి మొదటి పలక ఒరిపించాడు. వాటర్లూ గెలిచిన చెయ్యి, మైసూరు యుద్ధంలో శ్రీరంగపట్నం మీదికి నడిచిన చెయ్యి. మొత్తం 38 రోజుల పని, ఎనిమిదివేల పౌన్ల ఖర్చు. 191 క్యారెట్ల రాయి 105.6కి దిగింది. సగానికి కొంచెం తక్కువ పొడైపోయింది. కోత పెట్టించడంలో ముందుండి నడిపిన ఆల్బర్ట్ యువరాజుకే ఆ నష్టం చూసి మనసు చివుక్కుమందని చెబుతారు.

తర్వాత రెండేళ్లకి, 1854లో, రాణి ఆ రాయిని దులీప్‌సింగ్ చేతికిచ్చి చూపించింది. అప్పటికి అతను చిత్రకారుడి ముందు కూర్చుని బొమ్మ వేయించుకుంటున్న పదిహేనేళ్ల కుర్రవాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి రాణి చేతిలో పెట్టాడని లేడీ లాగిన్ జ్ఞాపకాల్లో ఉంది. ఆ కుర్రవాడు కిటికీ దగ్గర ఏం వెతుక్కున్నాడన్నది నన్ను వదలని ప్రశ్న. చిన్నప్పుడు తన దండ మీద చూసిన రాయిలో ఎదురుగా ఉన్న పెద్ద పలక కావచ్చు. అది ఇంక లేదు.

మనం "కోహినూర్ మాకు తిరిగివ్వండి" అంటుంటాం. నేను అడిగేది వేరు. ఒకవేళ రేపు ఇచ్చారనే అనుకుందాం. వచ్చేది లండన్‌లో తయారైన విక్టోరియా కాలపు వస్తువు. మన పనివాడి చెయ్యి పడిన వస్తువు 1852లోనే సాన మీద పొడిగా రాలిపోయింది. దాని అచ్చు ఒకటి లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ప్లాస్టరు ముద్దగా ఉంది.

హోప్ వజ్రానిదీ ఇదే కథ, ఇంకా అంచెలంచెలుగా. టావెర్నియే తెచ్చినప్పుడు 115 క్యారెట్లు, పలచగా, మూడుమూలలుగా ఉండేది. 1673లో ఝాన్ పితో అనే పనివాడు దాన్ని సుమారు 69కి తెచ్చాడు. అయితే పితోని తిట్టడానికి నాకు నోరు రాదు. అతని పని గొప్పది. 1792లో దొంగతనంలో పోయిన ఆ ఫ్రెంచి రాయికి సీసంతో పోసిన నమూనా 2007లో పారిస్ మ్యూజియంలో బయటపడింది. దాన్ని బట్టి కంప్యూటరు మీద కట్టి చూస్తే, రాయి వెనక బంగారం పెట్టినప్పుడు నీలం మధ్యలో బంగారు సూర్యుడిలాంటి ఆకారం కనపడేదని పరిశోధకులు అంటున్నారు. పద్నాలుగో లూయీ తన్ను తాను సూర్యుడిగా చెప్పుకున్న రాజు కదా! మన రాయిని ఆయన పనివాడు తన రాజుకి తగినట్టు తిరగరాశాడు. ఆ రచనని మళ్లీ లండన్‌లో ఎవరో దొంగసొత్తు ఆనవాలు పట్టకుండా చెరిపేశారు. మిగిలిన 45.52 క్యారెట్లే మనం మ్యూజియంలో చూసేది. ఒక తాళపత్రం మీద రాసింది గీకేసి ఇంకొకరు, అదీ గీకేసి మరొకరు రాస్తే ఎలా ఉంటుందో అలా.

ఇదంతా పాతకాలపు అనాగరికం, ఇప్పుడెవరు చేస్తారు అనుకుంటున్నారేమో. ఆ రోజు మా అమ్మ చూసిన రెండో రాయి విటెల్స్‌బాక్‌ని 2008లో లారెన్స్ గ్రాఫ్ అనే లండన్ వర్తకుడు వేలంలో కోటీ అరవై నాలుగు లక్షల పౌన్లకి కొని, మళ్లీ సాన పట్టించాడు. నాలుగున్నర క్యారెట్లు పోయాయి. రంగు గ్రేడు పెరిగింది, ధర పెరిగింది. రెంబ్రాంట్ బొమ్మకి మెరుపు తేవాలని పైన రంగు పూస్తారా అని జర్మనీలో ఒక మ్యూజియం అధిపతి మండిపడ్డాడు. వర్తకుడి వాదన కూడా వినాలి. రాయికి అంచుల్లో దెబ్బలున్నాయి, వాటిని తీసేశానంటాడు. అవును, ఉన్నాయి. మూడు శతాబ్దాలుగా మనుషులు తొడుక్కున్న నగకి దెబ్బలుంటాయి మరి.

ఇంతవరకూ రాజుల్నీ వర్తకుల్నీ బోనెక్కించాను. ఇప్పుడు నేనెక్కాలి.

మా అమ్మమ్మకి ఒంటిరాయి దుద్దులుండేవి. మూసిన కట్టుబడి, వెనక తళుకు రేకు, పైన వెడల్పాటి బల్లపరుపు పలక ఉన్న పాతకాలపు రాళ్లు. అమ్మ చెవులకి వచ్చాయి. అమ్మ మా అమ్మాయికిచ్చింది. 2014లో అమ్మాయి పెళ్లికి వాటిని కొత్తగా చేయిద్దామని ఇక్కడే ఒక నగల దుకాణానికి తీసుకెళ్లాను. ఆయన భూతద్దం పెట్టి చూసి, రాళ్లు మంచివే కానీ కోత పాతది, ప్రాణం లేదు, మళ్లీ కోయిస్తే వెలిగిపోతాయి అన్నాడు. గాజు భవనంలో పెదవి విరిచిన జనం అన్న మాటే అది. అప్పటికి టావెర్నియేని చదివి, నలుగురికీ ఉపన్యాసాలు చెప్పిన నేను "సరే" అన్నాను! నాణ్యం చెప్పే సర్టిఫికెట్టు వస్తుందన్నాడు. ఆ మాటకి పడిపోయాను. ముందు ఒకటి చేసి చూపించమన్నాను. ఆ మాత్రం బుద్ధి మిగిలింది.

ఒకటింపావు క్యారెట్టు రాయి ముప్పావు క్యారెట్టుకి కొంచెం ఎక్కువగా తిరిగొచ్చింది. యాభై ఎనిమిది పలకలు, గుండ్రంగా, తళతళలాడుతూ. లోపమేమీ లేదు. ఆ దుకాణంలో అద్దాల కింద ఉన్న వంద రాళ్లలో కలిపేస్తే నేను మళ్లీ ఏరుకోలేను. రెండోది కోయించకుండా ఇంటికి తెచ్చేశాను. పెళ్లికి అమ్మాయి వేరే దుద్దులు పెట్టుకుంది.

ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడడం నాకు అలవాటైపోయింది. వంటింటి ట్యూబులైటు కింద కొత్తదే గెలుస్తుంది, సందేహం లేదు. పాతది బూడిదరంగు గాజులా ముఖం మాడ్చుకుంటుంది. అమ్మ మా దగ్గరున్న రోజుల్లో ఒక సాయంత్రం వాటిని దేవుడి అలమరలో దీపం దగ్గర పెట్టింది. కొత్తది ఆ ఒక్క వత్తినీ వంద ముక్కలు చేసి చిలకరించింది. పాతది మంటని మంటగానే పట్టుకుంది, వెడల్పుగా, నిదానంగా. గాలికి వత్తి ఊగితే రాయిలో మంట కూడా ఊగింది. మన భాషలో రవ్వ అంటే వజ్రమూ, నిప్పుకణమూ కూడా. ఆ మాట కట్టినవాడు వజ్రాన్ని చూసింది కరెంటు దీపం కింద కాదు.

మన సంఘంలో సన్మానపత్రం రాస్తే "సాన పట్టిన వజ్రం" అనకుండా ఉండలేం. పదేళ్లపాటు ఇలాంటి సంచికలకి కథలు దిద్దినవాణ్ణి. ఒక పెద్దావిడ పల్నాటి యాసలో రాసి పంపిన కథకి నేను పట్టిన సాన తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అచ్చులో చాలా నున్నగా వచ్చింది. ఆవిడ మళ్లీ కథ పంపలేదు.

అమ్మ అడిగినదానికి నాకిప్పటికీ జవాబు దొరకలేదు. పితో పేరుంది, బోర్జియో పేరుంది, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన ఇద్దరి పేర్లూ, వోర్‌సాంగర్, ఫెడర్ అని పుస్తకాల్లో ఉన్నాయి. పళ్లెమంత చక్రం ముందు కూర్చుని నీళ్లు పోస్తూ దిక్కు వెతికినవాళ్లలో ఒక్కడి పేరూ ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. కొల్లూరు ఊరే పులిచింతల జలాశయం అడుగుకి వెళ్లిపోయింది. వాళ్లు సంతకం పెట్టగలిగిన చోటు రాయి ఒక్కటే. వచ్చినవాళ్లందరూ దాన్నే అరగదీశారు.

మొన్న ఫోనులో అమ్మ అడిగింది, ఆ రెండో రాయి ఉందా, లేక అదీ కోయించేశావా అని. ఉందమ్మా అన్నాను. "ఈసారి వచ్చేటప్పుడు రెండూ పట్టుకురా. మా వీధిలో కంసాలి ఇంకా ఉన్నాడు. పాతదానికి వెనక రేకు నల్లబడి ఉంటుంది, అది మార్పిద్దాం" అంది. "రాయిని ముట్టుకోనివ్వను, నువ్వు భయపడకు."